ఆర్‌వీ ట్రైలర్ టైర్లు: ఎంత బరువుకి ఏ టైరు, దానికి ఎంత గాలి

కారు టైర్ల లెక్కతో ఆర్‌వీ ట్రైలర్ (బండి వెనక కట్టి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) టైర్లని చూడకండి. కారులో 33 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) పెట్టాలా 35 పెట్టాలా అన్నది చాలావరకు కుదుపుకీ మైలేజీకీ మధ్య బేరం. ట్రైలర్ నడుస్తున్నప్పుడు లోపల మనుషులుండరు, గిన్నెలూ బట్టలూ ఉంటాయి, వాటికి కుదుపు తగిలినా నోరెత్తవు. కాబట్టి అక్కడ గాలికి ఉన్న పెద్ద పని బరువు మోయడం. రబ్బరు మోస్తుందని అనుకుంటాం గానీ మోసేది లోపల బిగించిన గాలే, రబ్బరూ తీగలూ దాన్ని పట్టి ఉంచే సంచి, అంతే. గాలి తగ్గితే ఆ టైరు మోయగల బరువు కూడా తగ్గిపోతుంది, మీరు ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే.

"కంపెనీ వాళ్ళే బిగించి ఇచ్చారు కదా, సరిపోతాయిలే" అనేది ఇంకో నమ్మకం. అమెరికాలో అమ్మే మామూలు రెండు యాక్సిళ్ళ (చక్రాల ఇరుసుల) ట్రావెల్ ట్రైలర్లలో చాలావాటికి 3,500 పౌండ్లు మోసే యాక్సిళ్ళు ఉంటాయి. వాటికి తరచుగా కనిపించే టైరు ఎస్‌టీ205/75ఆర్14, లోడ్ రేంజ్ (ఎంత బరువు మోయగలదో చెప్పే తరగతి) 'సీ'. 50 పీఎస్ఐ దగ్గర ఒక్కోటి గరిష్ఠంగా 1,760 పౌండ్లు మోస్తుంది. యాక్సిల్‌కి రెండు టైర్లు కాబట్టి 3,520. యాక్సిల్ రేటింగ్ 3,500. అంటే చేతిలో మిగిలింది 20 పౌండ్లు, రెండున్నర గ్యాలన్ల నీళ్ళ బరువు కూడా కాదు! రూలు ప్రకారం అది తప్పు కాదు, యాక్సిల్ మీదున్న టైర్ల సామర్థ్యం యాక్సిల్ రేటింగ్‌కి తగ్గకూడదని మాత్రమే ఫెడరల్ రూలు అడుగుతుంది. 2017లో ఆర్‌వీ ఇండస్ట్రీ అసోసియేషన్ తన సభ్య కంపెనీలు తయారుచేసే ట్రావెల్ ట్రైలర్లకి 10 శాతం అదనపు సామర్థ్యం ఉండాలని పెట్టింది, కానీ అంతకుముందు తయారైన బళ్ళు ఇంకా బోలెడన్ని తిరుగుతున్నాయి. మీది అలాంటిదైతే ముందు ఈ లెక్క వేసుకోండి, యాక్సిల్ రేటింగ్‌ని రెండుతో భాగించి, టైరు మీదున్న మ్యాక్స్ లోడ్‌తో పోల్చండి. రెండు నిమిషాల పని.

టైరు మీద ఏం చూడాలి

సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద చాలా రాతలుంటాయి, మనకి కావలసినవి నాలుగైదే. సైజు ముందున్న ఎస్‌టీ అంటే స్పెషల్ ట్రైలర్, ట్రైలర్ల కోసమే చేసిన టైరు. తర్వాత లోడ్ రేంజ్ అక్షరం. ఎస్‌టీ టైర్లలో సాధారణంగా 'సీ' అంటే 50 పీఎస్ఐ, 'డీ' అంటే 65, 'ఈ' అంటే 80, 'ఎఫ్' 95, 'జీ' 110. వీటినే 6 ప్లై, 8 ప్లై, 10 ప్లై అంటూ అమ్ముతారు, ఇప్పటి రేడియల్ టైర్లలో నిజంగా అన్ని పొరలేం ఉండవు, అది బలానికి పెట్టిన గుర్తు మాత్రమే. అన్నిటికంటే ముఖ్యమైనది చిన్న అక్షరాల్లో ఉండే మ్యాక్స్ లోడ్ లైను. ఎన్ని పౌండ్లు, ఎంత కోల్డ్ ప్రెషర్ (నడవకముందు చల్లగా ఉన్న టైరులో గాలి) దగ్గర అన్నది అక్కడ ఉంటుంది. సింగిల్, డ్యూయల్ అని రెండు అంకెలుంటే పక్కకి ఒక్కో చక్రం ఉన్న మన ట్రైలర్లకి సింగిల్ అంకె చూడాలి.

ఒకే సైజులో లోడ్ రేంజ్ మారితే ఎంత తేడా వస్తుందో ఎస్‌టీ225/75ఆర్15 చూస్తే తెలుస్తుంది. 'సీ' అయితే 50 పీఎస్ఐ దగ్గర 2,150 పౌండ్లు, 'డీ' అయితే 65 దగ్గర 2,540, 'ఈ' అయితే 80 దగ్గర 2,830. చాలామంది తడబడేది ఇక్కడే. 'ఈ' టైరు వేయించుకుని పాత అలవాటుకొద్దీ 65 కొడితే అది మోసేది మళ్ళీ 2,540 పౌండ్లే. 'ఈ' రేటు కట్టి 'డీ' టైరు ఇంటికి తెచ్చుకున్నట్టు. లోడ్ రేంజ్ పెంచడం వల్ల వచ్చే లాభమంతా ఆ పెరిగిన గాలిలోనే ఉంది.

ముందు కాటా వేయించండి

ట్రైలర్ మీద అంటించిన స్టిక్కర్లో ఉండేది గరిష్ఠ బరువు. మీ ట్రైలర్ అసలు బరువు కాటా చెబుతుంది. ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్‌కి వెళ్ళండి, లారీల కోసం పెట్టిందే అయినా ఆర్‌వీలని కూడా తూస్తారు. వెళ్ళేటప్పుడు ప్రయాణానికి ఎలా సర్దుతారో అలాగే సర్దుకుని వెళ్ళాలి, నీళ్ళ ట్యాంకు నింపి, గ్యాస్ సిలిండర్లు పెట్టుకుని, సామానంతా ఎక్కించి. ఖాళీ ట్రైలర్ని తూచుకుని సంతోషపడటం వల్ల ఏం ఉపయోగం లేదు, నీళ్ళే గ్యాలన్‌కి 8.34 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే 330 దాటుతుంది.

కాటా మీద ట్రైలర్ని లాగే బండి ముందు చక్రాలు ఒక ప్లాట్‌ఫామ్ మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద ఉండేలా నిలపండి. హిచ్ (బండినీ ట్రైలర్నీ కలిపే బిగింపు) విప్పకూడదు, రోడ్డు మీద ఎలా ఉంటుందో అలాగే. మూడో అంకె మనకి కావాలి, అది ట్రైలర్ టైర్లన్నీ కలిసి మోస్తున్న బరువు. ట్రైలర్ ముందు బండికి తగిలించే కడ్డీ, అంటే టంగ్ మీద పడే బరువు (మామూలు ట్రావెల్ ట్రైలర్‌కి మొత్తంలో 10 నుంచి 15 శాతం, పికప్ ట్రక్కు తొట్టిలో బిగించే ఫిఫ్త్ వీల్ రకం అయితే ఇంకా ఎక్కువ) బండి మోస్తుంది కాబట్టి టైర్ల లెక్కలోకి రాదు.

ఆ అంకెని టైర్ల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది, కానీ సగటుని నమ్ముకోవడం మంచిది కాదు. స్లైడ్ (ఆగినప్పుడు బయటికి జరిపే గది భాగం) ఉన్న వైపు, ఫ్రిజ్జూ వంటగదీ ఉన్న వైపు ఎప్పుడూ బరువెక్కువ. ట్రైలర్ ముక్కు కిందికో పైకో ఉంటే ముందు యాక్సిల్ మీదికో వెనక యాక్సిల్ మీదికో బరువు జరుగుతుంది, అందుకే తూచే ముందు హిచ్ ఎత్తు సరిచేసి ట్రైలర్ సమానంగా నిలబడేలా చూసుకోండి. చక్రం చక్రానికీ విడిగా తూచే సదుపాయం దొరికితే (ఎస్కేపీస్ ఆర్‌వీ క్లబ్ వాళ్ళకి స్మార్ట్‌వెయ్ అని ఒకటుంది) తప్పకుండా వాడుకోండి. దొరక్కపోతే సగటు మీద కనీసం 10 శాతం కలుపుకుని బరువైన చక్రం అదే అనుకోండి.

ఇప్పుడు లెక్క. ట్రైలర్ చక్రాల మీద 6,200 పౌండ్లు వచ్చిందనుకుందాం. నాలుగు టైర్లు, సగటు 1,550. 10 శాతం కలిపితే బరువైన చక్రం మీద దాదాపు 1,700. మొదట చెప్పిన ఎస్‌టీ205/75ఆర్14 'సీ' టైరు సామర్థ్యం 1,760 కదా, అంటే ఆ టైరు 97 శాతం లోడ్‌తో, ఎండాకాలం, హైవే మీద, గంటల తరబడి నడుస్తోంది. పేలకపోతే అదృష్టం అంటాను నేను. బరువైన చక్రం కూడా టైరు సామర్థ్యంలో 85 శాతం దాటకూడదన్నది నేను పెట్టుకునే గీత. 1,700ని 0.85తో భాగిస్తే 2,000. అదే సైజులో లోడ్ రేంజ్ 'డీ' టైరు 65 పీఎస్ఐ దగ్గర 2,040 మోస్తుంది. సరిపోయింది, అదే తీసుకోండి.

కాటా దాకా వెళ్ళే ఓపిక లేకపోతే యాక్సిల్ రేటింగ్‌తోనే చెయ్యొచ్చు, 3,500లో సగం 1,750, దాన్ని 0.85తో భాగిస్తే 2,059. 'డీ' టైరు 19 పౌండ్లు తక్కువైంది, నేనైతే దానికోసం ఆగను. కానీ యాక్సిలే ఓవర్‌లోడ్ అయి ఉంటే ఈ లెక్క ఆ సంగతి బయటపెట్టదు, కాబట్టి కాటా కాటానే.

టైరు పెంచారు కదా అని సామాను పెంచకూడదు. యాక్సిళ్ళూ, స్ప్రింగులూ, బ్రేకులూ, ఫ్రేమూ అన్నీ పాతవే, వాటి రేటింగు మారలేదు.

రిమ్, వాల్వ్, క్లియరెన్స్

'సీ' నుంచి 'డీ'కో, 'డీ' నుంచి 'ఈ'కో వెళ్ళేముందు రిమ్‌కి ఎంత గాలి, ఎంత బరువు రేటింగ్ ఉందో చూడాలి. చాలా రిమ్ముల మీద లోపలి వైపు ముద్రించి ఉంటుంది, చక్రం విప్పితే గానీ కనపడదు. లేకపోతే తయారీదారుని అడగాలి. రిమ్ 65 పీఎస్ఐకే అయితే 'ఈ' టైరు వేసినా 80 కొట్టడానికి లేదు, అప్పుడు ఆ ఖర్చు దండగ. వాల్వ్ ఇంకా చిన్న వస్తువు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కార్లకి వాడే మామూలు రబ్బరు వాల్వ్ (టీఆర్413 రకం) 65 పీఎస్ఐ వరకే. 80 కొట్టేవాళ్ళు హై ప్రెషర్ వాల్వ్ గానీ మెటల్ వాల్వ్ గానీ అడిగి వేయించుకోండి. వాల్వ్ మీద ప్రెషర్ సెన్సర్ బిగించే ఆలోచన ఉంటే మెటల్‌దే మంచిది, సెన్సర్ బరువుకి రబ్బరుది ఊగి ఊగి పగులుతుంది. షాపులో టైర్లు మార్చేటప్పుడు ఈ మాట మీరే చెప్పాలి, చెప్పకపోతే చేతికందిన వాల్వ్ వేసి పంపే అవకాశం ఉంది.

సైజే పెద్దది వేయాలనుకుంటే రెండు టైర్ల మధ్యా, పైన ఫెండర్‌కీ టైరుకీ మధ్యా ఖాళీ కొలవండి. స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు టైరు ఎంత పైకి వస్తుందో కూడా చూసుకోవాలి.

"ఎస్‌టీ టైర్లు నాసిరకం, ట్రక్కులకి వేసే ఎల్‌టీ టైర్లు వేయించు" అనే సలహా మీకు ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. వేయొచ్చు, తప్పేం లేదు, కానీ లోడ్ అంకె చూసి వేయండి. ఎస్‌టీ235/85ఆర్16 లోడ్ రేంజ్ 'ఈ' 80 పీఎస్ఐ దగ్గర 3,640 పౌండ్లు మోస్తుంది, అదే సైజు అదే లోడ్ రేంజ్ ఎల్‌టీ టైరు సుమారు 3,042 దగ్గర ఆగిపోతుంది. ఒక్కో టైరుకి దాదాపు 600 పౌండ్లు పోయాయి. 3,500 పౌండ్ల యాక్సిల్‌కైతే అదీ చాలు, 7,000 పౌండ్ల యాక్సిల్‌కైతే చాలదు. కారు టైర్లు ట్రైలర్‌కి వేయాల్సి వస్తే వాటి మీద రాసిన లోడ్‌ని 1.1తో భాగించి లెక్కపెట్టాలని ఫెడరల్ రూలే చెబుతుంది. ఆర్‌వీకి అసలు వేయకపోవడమే మేలు.

గాలి ఎంత

ట్రైలర్‌కి ఎడమవైపు, ముందు భాగంలో బయట ఒక స్టిక్కర్ ఉంటుంది. టైరు సైజు, కోల్డ్ ప్రెషర్, ఎంత సామాను ఎక్కించొచ్చు అన్నీ అందులో ఉంటాయి. ఆ ప్రెషర్ కంపెనీ బిగించిన టైరుకి సంబంధించింది, దానికంటే ఎప్పుడూ తగ్గకూడదు. టైరుని 'సీ' నుంచి 'డీ'కి మార్చాక స్టిక్కర్ చూసి 50 కొడితే ఏమవుతుందో పైన చెప్పాను, మళ్ళీ 1,760కే వచ్చి ఆగుతారు.

రెండు లేదా మూడు యాక్సిళ్ళ ట్రైలర్‌కి నా మాట సూటిగా చెబుతాను. సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠ కోల్డ్ ప్రెషర్ పెట్టండి, రిమ్మూ వాల్వూ దానికి తట్టుకుంటాయంటే. టైరు కంపెనీల లోడ్ టేబుల్స్ చూసి "నా బరువుకి 52 చాలు" అని దించుకోవడం మోటర్‌హోమ్‌లకి (సొంత ఇంజిను ఉన్న ఆర్‌వీలకి) సరైన పద్ధతే, ఇక్కడ కాదు. కారణం ఉంది. కారు ముందు చక్రాలు స్టీరింగ్‌తో పాటు పక్కకి మళ్ళుతాయి, ట్రైలర్ చక్రాలు అలా మళ్ళవు. ఒకదాని వెనక ఒకటి బిగించిన రెండు యాక్సిళ్ళు మలుపులో ఒకే వృత్తం మీద నడవలేవు, అందుకని ఒక యాక్సిల్ టైర్లు ఒకవైపుకీ రెండోదానివి ఇంకోవైపుకీ పక్కకి ఈడ్చుకుపోతాయి. క్యాంప్‌గ్రౌండ్‌లో ఇరుకు సైట్‌లోకి రివర్స్ చేసేటప్పుడు ఎవరినైనా పక్కన నిలబెట్టి టైర్లు చూడమనండి, ట్రెడ్ (రోడ్డుకి తగిలే పై పొర) ఒకచోట, రిమ్ ఇంకోచోట ఉన్నట్టు మెలితిరిగి కనిపిస్తాయి. హైవే వంపుల్లో కూడా ఇదే కొద్దిపాటిగా జరుగుతూనే ఉంటుంది. ఆ మెలికకి లోపలున్న స్టీల్ బెల్టులు ఒకదాని మీద ఒకటి జరగాలని చూస్తాయి, అంచుల దగ్గర రబ్బరు కొంచెం కొంచెంగా చిరుగుతుంది, బయటికి ఏమీ కనపడదు, చివరికి ఒకరోజు ట్రెడ్ మొత్తం ఊడి వస్తుంది. పంక్చర్ కాకుండా, ముందు రోజు గాలి చూసుకున్నా పేలిన టైర్లలో చాలావాటి కథ ఇదే. గాలి బిగుతుగా ఉంటే ఆ జరుగుడు తగ్గుతుంది. పూర్తిగా పోదు.

గరిష్ఠ ప్రెషర్‌కి ఖర్చు లేకపోలేదు. తేలికైన ట్రైలర్‌కి 80 పీఎస్ఐ కొడితే ట్రెడ్ మధ్యలో త్వరగా అరుగుతుంది, లోపల అల్మారా తలుపులు తెరుచుకుంటాయి, స్క్రూలు వదులవుతాయి. కానీ పేలిన టైరు ముక్క ఫెండర్నీ అడుగున ఉన్న వైర్లనీ గ్యాస్ పైపునీ కొట్టుకుంటూ పోతుంది. రెండింట్లో నేను ఏది కోరుకుంటానో చెప్పక్కర్లేదు.

ఒకే యాక్సిల్ ఉన్న చిన్న ట్రైలర్‌కి ఈ మెలిక బాధ పెద్దగా లేదు. బరువుకి కావలసిన ప్రెషర్ టేబుల్లో చూసి, దానిమీద మంచి మార్జిన్ పెట్టుకుని, స్టిక్కర్ అంకెకి తగ్గకుండా నడపొచ్చు.

కోల్డ్ అంటే ఏంటి, వేడెక్కాక ఏం చెయ్యాలి

కోల్డ్ అంటే చలి అని కాదు, బండి కనీసం మూడు గంటలు కదలకుండా, ఎండ తగలకుండా ఉన్న స్థితి. పొద్దున్నే చూడటం ఉత్తమం. ఎండ ఒక వైపు పడ్డాక చూస్తే ఆ వైపు టైర్లు మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తాయి, మీరు గాలి తీసేస్తారు, తర్వాత టెన్షన్.

నడిచాక ప్రెషర్ 10 నుంచి 20 శాతం పెరగడం మామూలే. 65తో బయలుదేరితే మధ్యాహ్నానికి 75 కనిపించినా వేడి మీద మాత్రం గాలి తియ్యకండి. టైరు ఆ పెరుగుదలని లెక్కలో పెట్టుకునే తయారైంది. తీస్తే మర్నాటి పొద్దున తక్కువ గాలితో మొదలుపెడతారు, టైరు ఇంకా ఎక్కువ నలిగి ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది.

వాతావరణం మారితే మాత్రం పొద్దున్నే సరిచేసుకోవాలి. 10 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి సుమారు 2 శాతం అని గుర్తుపెట్టుకోండి. 70 డిగ్రీల్లో 65 పెట్టి బయలుదేరి కొండల్లో 40 డిగ్రీల పొద్దున లేస్తే గేజ్ 60 చిల్లర చూపిస్తుంది, నింపాలి. అక్కడ 65కి నింపి మర్నాడో ఎల్లుండో ఎడారిలో 90 డిగ్రీల పొద్దున లేస్తే 73 ఉంటుంది. అప్పుడు, బండి కదపకముందే, 65కి దించొచ్చు, అది కోల్డ్ రీడింగే కాబట్టి. ఎత్తు వల్ల కూడా గేజ్ కొంచెం పైకి వెళ్తుంది, 5,000 అడుగులకి రెండున్నర పీఎస్ఐ అలా, దాని గురించి అంత పట్టించుకోనక్కర్లేదు.

60 పీఎస్ఐ దాకానే చూపించే కారు గేజ్ ఇక్కడ పనికిరాదు, 100 పైన చూపించే డిజిటల్ గేజ్ కొనండి. కంప్రెసర్ కూడా అంతే, చిన్న 12 వోల్టుల బొమ్మలు 80కి చేరేలోపు కాలిపోయేంత వేడెక్కుతాయి.

ప్రెషర్ మానిటర్ (టీపీఎంఎస్) తప్పకుండా పెట్టుకోండి. కారులో టైరు దిగిపోతే స్టీరింగ్ చెబుతుంది, వెనక ట్రైలర్‌లో నాలుగింట్లో ఒకటి దిగినా డ్రైవర్‌కి ఏమీ తెలియదు, దాని బరువంతా పక్క టైరు మోస్తూ అదీ పాడవుతుంది. 65 పెట్టేవాళ్ళు లో అలారం 58 లేదా 60 దగ్గర, హై అలారం 80 దగ్గర పెట్టండి. కొన్ని మానిటర్లు 25 శాతం తగ్గితే గానీ అరవవు, అది చాలా ఆలస్యం. గాలి 20 శాతం కంటే తగ్గి నడిచిన టైరుని మళ్ళీ నింపి ఊరుకోకూడదు, రిమ్ నుంచి విప్పించి లోపల దెబ్బ తిన్నదేమో చూపించాలి.

వేగం సంగతి. టైరు మీద స్పీడ్ అక్షరం లేని ఎస్‌టీ టైరుకి గంటకి 65 మైళ్ళే హద్దు అనుకోండి. 'ఎల్' అయితే 75, 'ఎమ్' 81, 'ఎన్' 87. 'ఎన్' ఉంది కదా అని ట్రైలర్‌తో 80లో వెళ్ళేవాళ్ళతో నాకు వాదన లేదు, నేను మాత్రం 65 దాటను.

వయసు కూడా చూడండి. సైడ్‌వాల్ మీద ముద్రించే డాట్ కోడ్ చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, 2321 అంటే 2021లో 23వ వారం. ట్రైలర్ టైరు ట్రెడ్ అరిగేలోపే ఎండకీ కదలకుండా నిలబడటానికీ ముసలిదైపోతుంది. అయిదో ఏడు నుంచి అనుమానంగా చూస్తూ, ఆరేడేళ్ళకి ట్రెడ్ ఎంత నిగనిగలాడుతున్నా మార్చేయండి. కొత్తవి కొనేటప్పుడు కూడా షాపులోనే ఈ కోడ్ చదవండి, గోడౌన్‌లో ఏడాదిన్నర పడున్న టైరు మీకెందుకు?

నాలుగు టైర్లూ 'డీ'కి మార్చి వెనక బంపర్ మీద కవరు కింద ఉన్న స్టెప్నీని 'సీ'లోనే వదిలేసేవాళ్ళున్నారు. దానికి కూడా అదే లోడ్ రేంజ్ వేయించి, అదే ప్రెషర్ కొట్టి, కవరు తీసి నెలకోసారి గేజ్ పెట్టండి. పాత 'సీ' స్టెప్నీతోనే నడవాల్సి వస్తే దానికి 50కి మించి కొట్టకూడదు, నీళ్ళ ట్యాంకు ఖాళీ చేసి నెమ్మదిగా దగ్గర్లోని టైరు షాపు దాకా వెళ్ళడానికే దాన్ని వాడండి.